రాజ్‌దూత్ 350, ఆర్‌ఎక్స్ 100: పాత టూ-స్ట్రోక్ బండ్ల మీద ఇంత మోజు ఎందుకు, కొనాలంటే ఏం చూసుకోవాలి?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఇరవై ఏడేళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం, ఇంట్లో ఏబీఎస్ ఉన్న కొత్త 200 సీసీ బండి. ఇప్పుడు రెండు బేరాలు వచ్చాయి. ఒకటి నడుస్తున్న 1994 ఆర్‌ఎక్స్ 100. ఇంకోటి ఖమ్మం దగ్గర ఒక ఊళ్లో ఎనిమిదేళ్లుగా గోడౌన్‌లో పడి ఉన్న 1986 రాజ్‌దూత్ 350. "బ్రేకులు, మైలేజీ, నమ్మకం అన్నిట్లో నా బండే మెరుగు కదా, మరి జనం వీటికి లక్షలు ఎందుకు పోస్తున్నారు, నేను కొనొచ్చా" అని అడిగావు. రెంటికీ చెబుతాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

మాది బెజవాడ. ఆటోనగర్‌లో మా మేనమామకి ఇంజన్ సిలిండర్లు చెక్కే బోరింగ్ షాపు ఉండేది. ఇంటర్ చదివే రోజుల నుంచీ సెలవలన్నీ అక్కడే. పట్టేసిన బోర్లు, గీతలు పడ్డ పిస్టన్లు చూసి చూసి, ఏ బండి ఎందుకు చచ్చిందో పిస్టన్ చేతిలోకి తీసుకుంటే చెప్పగలిగేవాణ్ణి. ఇప్పుడు నా దగ్గర ఒక ఆర్‌ఎక్స్, 1996 నుంచి ఒక ఆర్‌డీ (రాజ్‌దూత్ 350ని మేం అలాగే పిలుస్తాం) ఉన్నాయి.

ముందు నీ లెక్క గురించి. నువ్వు చెప్పింది నిజమే. ఆర్‌ఎక్స్ 100 అంటే 98 సీసీ, 11 బీహెచ్‌పీ, నాలుగు గేర్లు. నీ బండితో పందెం వేస్తే గెలవదు. కానీ ఆ బండి బరువు దాదాపు వంద కిలోలే. పైగా టూ-స్ట్రోక్‌లో క్రాంకు తిరిగిన ప్రతి చుట్టుకీ మంట పడుతుంది. నీ ఫోర్-స్ట్రోక్‌లో రెండు చుట్లకి ఒకసారి. ఫోర్-స్ట్రోక్‌లో ఉండే హెడ్డు వాల్వులు లేవు, కామ్ లేదు, టైమింగ్ చైన్ లేదు. పిస్టనే పైకీ కిందకీ తిరుగుతూ బోరులో మిశ్రమం వచ్చే, పొగ పోయే కిటికీలని మూస్తూ తెరుస్తూ ఉంటుంది. అందుకే యాక్సిలరేటర్ తిప్పడానికీ బండి కదలడానికీ మధ్య ఆలస్యం అంటూ ఉండదు. నీ బండి నీ మాట వింటుంది, కాదనను. ఆర్‌ఎక్స్ అయితే నువ్వు మాట పూర్తి చేసే లోపే కదిలి ఉంటుంది.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. టూ-స్ట్రోక్‌లో సైలెన్సర్ ఇంజన్‌లో భాగం. ఆ గొట్టం మధ్యలో లావై చివర మళ్లీ సన్నబడటం అందం కోసం కాదు. బయటికి పోయిన పొగ ఒత్తిడి అల ఆ సన్నబడే చోట తగిలి వెనక్కి తిరిగి వస్తుంది. బోరు నుంచి తప్పించుకోబోతున్న కొత్త పెట్రోలు-గాలి మిశ్రమాన్ని మళ్లీ లోపలికి నెడుతుంది. ఈ అల రావడానికీ కిటికీ మూసుకోవడానికీ వేళ కుదిరేది ఒక వేగం దగ్గరే. కింది ఆర్‌పీఎంలో కుదరదు, బండి బద్ధకంగా ఉంటుంది. కుదిరిన చోట మాత్రం బ్యారేజీ గేటు ఎత్తినట్టే, అప్పటిదాకా ఆగి ఉన్నదంతా ఒక్కసారి వస్తుంది. మా ఆర్‌డీలో నాలుగున్నర వేలు దాటగానే శబ్దం మందం తగ్గి సన్నని గీతలా మారుతుంది, ముందు చక్రం తేలికవుతుంది. ఇన్నేళ్లయినా ఆ క్షణానికి నా మొహం మీదికి నవ్వు వస్తుంది. ఈ అలల సంగతి తెలియక సైలెన్సర్ కోయించి, లోపలి జాలీ పీకించి, "సౌండ్ అదిరింది" అని తిరిగే కుర్రాళ్లని చూస్తే బాధేస్తుంది. ఆ కోతతో పోయేది ఇంజన్ బలమే.

ఆర్‌డీ కథ కొంచెం చెప్పాలి, అది తెలియకపోతే దాని విలువ అర్థం కాదు. 1983లో ఎస్కార్ట్స్ వాళ్లు యమహా ఆర్‌డీ 350ని రాజ్‌దూత్ పేరుతో మన దగ్గర తెచ్చారు. 347 సీసీ, రెండు సిలిండర్లు, రీడ్ వాల్వులు (మిశ్రమాన్ని లోపలికే పోనిచ్చే పలచని రేకులు), ఆరు గేర్లు. యమహా రేసుల్లో నడిపిన టీజెడ్ 350కీ దీనికీ క్రాంక్‌కేసు దగ్గర చుట్టరికం. 1973లో బయటికొచ్చిన అసలు ఆర్‌డీ 39 బీహెచ్‌పీ ఇచ్చేది, ముందు డిస్క్ బ్రేకు ఉండేది. మన దగ్గరికొచ్చేసరికి మైలేజీ కోసం పవర్ తగ్గించారు, ముందు డ్రమ్ము పెట్టారు. మొదట వచ్చిన హెచ్‌టీ (హై టార్క్) 30.5 బీహెచ్‌పీ, 1985 నుంచి వచ్చిన ఎల్‌టీ (లో టార్క్) 27. తగ్గించినా, అప్పటి బుల్లెట్ 350 ఇచ్చేది 18 అని గుర్తుపెట్టుకో. మద్రాసు పక్కన షోలవరం ఎయిర్‌స్ట్రిప్ రేసుల్లో దాని పేరు మోగిపోయింది. కానీ ఇళ్లలో కొనలేదు. లీటరుకి పాతిక కిలోమీటర్లు రావడమే గగనం. 1985లో అటు హీరో హోండా సీడీ 100 వచ్చింది, ఇటు అదే ఏడు ఆర్‌ఎక్స్ 100 వచ్చింది. జీతగాడు హీరో హోండా కొనుక్కున్నాడు, కాలేజీ కుర్రాడు ఆర్‌ఎక్స్ అడిగాడు, ఆర్‌డీ మాత్రం షోరూముల్లో నిలిచిపోయింది. దశాబ్దం చివరికి తయారీ ఆగింది. కాలుష్య నిబంధనలు బిగిసి 1996లో ఆర్‌ఎక్స్ 100 కూడా ఆగింది. ఆ తరవాత ఆర్‌ఎక్స్ 135 కొన్నాళ్లు నడిచింది గానీ, వంద సీసీకి ఉన్న మోజు దానికి రాలేదు.

ఇక అసలు మోజు సంగతి. చాలామంది జ్ఞాపకాలు అంటారు, వాళ్ల నాన్న బండి అంటారు. అదీ ఉంది. నా మట్టుకు నాకు కారణం వేరు. ఈ బండి నడిపేటప్పుడు చెవి, ముక్కు, చేయి మూడూ పనిచేయాలి. నీ కొత్త బండిలో ఏదైనా తేడా వస్తే మీటరు మీద లైటు వెలుగుతుంది. ఇక్కడ ఆ లైటు నువ్వే.

ఆదివారం పొద్దున్న నా ఆర్‌డీ తీసే పద్ధతి చెబుతాను. ముందు సైడు ట్యాంకులో 2టీ ఆయిల్ (టూ-స్ట్రోక్‌లో పెట్రోలుతోపాటు కాలే ఆయిల్) ఎంతుందో చూస్తాను. పెట్రోల్ ట్యాప్ తిప్పి, ఫ్లోట్ బౌల్స్ (కార్బొరేటర్ల కింది పెట్రోలు గిన్నెలు) నిండేదాకా అరనిమిషం ఆగుతాను. చోక్ లేపి, ఇగ్నిషన్ వేయకుండా రెండు కిక్కులు మెల్లగా. తరవాత తాళం వేసి ఒక్క కిక్కు. స్టార్టవగానే రేజ్ చేయను. రెండు నిమిషాలు అలా వదిలి, వెనక్కి వెళ్లి రెండు సైలెన్సర్ల చివర రెండు అరచేతులు అడ్డం పెడతాను. కుడి చేతికీ ఎడమ చేతికీ తగిలే దెబ్బ ఒకేలా ఉండాలి. ఒకటి మెత్తగా, ఒకటి గట్టిగా తగిలిందంటే రెండు కార్బొరేటర్లు కలవడం లేదన్న మాట, లేదా ఒక వైపు ఇగ్నిషన్ పాయింట్లు కదిలాయి. చేతికి అంటుకున్న ఆయిల్ తడి చూస్తాను, ఆ వాసన ఆ రోజంతా వేళ్లకి ఉంటుంది. ఇంట్లోవాళ్లకి ఆ వాసన పడదు. నాకు మాత్రం మేనమామ షాపు గుమ్మంలో నిలబడ్డట్టు ఉంటుంది.

వినకపోతే ఏమవుతుందో కూడా చెప్పాలి. 1999 జనవరిలో, అప్పటి తొమ్మిదో నంబర్ హైవే మీద హైదరాబాద్ వెళ్తున్నాను. కోదాడ దాటాక రోడ్డు ఖాళీగా ఉంది, ఆర్‌డీ బాగా లాగుతోంది. నిజానికి మామూలు కంటే ఎక్కువే లాగుతోంది, శబ్దం కూడా పలచగా, గలగలమని ఉంది. చలి గాలికి ఇంజన్ హుషారుగా ఉందనుకున్నాను. రెండు నిమిషాల తరవాత కుడి సిలిండర్ పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుని కీచుమంటూ జారింది. క్లచ్ మీద ఎప్పుడూ రెండు వేళ్లు ఉంచమని మామయ్య నేర్పిన అలవాటే నన్ను కాపాడింది. లాగేశాను, బండి దొర్లుకుంటూ వెళ్లి మట్టిలో ఆగింది. విప్పి చూస్తే కార్బొరేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య రబ్బరు కప్లింగ్‌కి వెంట్రుకంత పగులు. అందులోంచి అదనంగా గాలి లోపలికి పోయింది. గాలి ఎక్కువై పెట్రోలు తగ్గితే, అంటే మిశ్రమం పలచబడితే, మంట వేడి పెరుగుతుంది, చుట్టూ ఆయిల్ పొర నిలవదు. పిస్టన్ అల్యూమినియం, బోరు ఇనుము. వేడికి పిస్టన్ ముందు ఉబ్బి బోరుని పట్టుకుంటుంది. పలచబడిన ఇంజన్ చచ్చే ముందు తరచూ మామూలు కంటే బాగానే పరిగెడుతుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకో. హఠాత్తుగా బండి హుషారు పెరిగిందంటే వెంటనే యాక్సిలరేటర్ తగ్గించి, క్లచ్ లాగి, పక్కకి ఆపాలి.

అలాగే ఘాట్ రోడ్డు దిగేటప్పుడు. శ్రీశైలం నుంచి దిగుతున్నావనుకో, లేదా అరకు నుంచి. యాక్సిలరేటర్ పూర్తిగా మూసి గేర్లో దొర్లిస్తే చక్రం ఇంజన్‌ని జోరుగా తిప్పుతూ ఉంటుంది, లోపలికి పోయే ఆయిల్ మాత్రం అతి తక్కువ. పెట్రోల్లో ఆయిల్ కలిపి పోసే బండికి ఇది మరీ ప్రమాదం. మధ్యమధ్యలో క్లచ్ లాగి ఒకసారి రేజ్ ఇచ్చి వదలాలి. టూ-స్ట్రోక్‌కి ఇంజన్ బ్రేకింగ్ అంతంతమాత్రమే, ముందున్నది డ్రమ్ము బ్రేకు. నీ ఏబీఎస్ అలవాటుతో ముందు కారు వెనకాలే అంటుకుని పోకు. మొదటి నెల దూరం రెట్టింపు ఉంచు.

కొనేటప్పుడు ఏం చూడాలి? రంగు, క్రోమ్, స్టిక్కర్లు చివర చూడు. ముందు కాగితాలు. ఆర్‌సీలో ఉన్న ఇంజన్ నంబరూ ఛాసిస్ నంబరూ బండి మీదవాటితో అక్షరం అక్షరం కలవాలి. మళ్లీ కొట్టిన నంబర్లలా అనిపిస్తే బండి ఎంత బాగున్నా వదిలెయ్. ఆర్‌ఎక్స్‌లకి ఈ జబ్బు చాలా ఎక్కువ, దొంగ బండ్లు, రెండు మూడు బండ్లు కలిపి ఒకటి చేసినవి బోలెడు. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. అది అయిందో, చివరిసారి ఎప్పుడయిందో చూడు. వేరే రాష్ట్రం బండయితే ఎన్‌ఓసీ (అక్కడి ఆర్‌టీఓ ఇచ్చే నిరభ్యంతర పత్రం) చేతికొచ్చాకే డబ్బు. "వింటేజ్ కింద చేయించుకోవచ్చు" అని ఎవరైనా చెబితే నమ్మకు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధన ప్రకారం అది మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటిన బండికే. మన రాజ్‌దూత్‌లలో అతి పాతది కూడా 2033 దాకా ఆగాలి.

తరవాత ఇంజన్. చల్లగా ఉన్నప్పుడు వెళ్లు, వచ్చేముందు స్టార్ట్ చేసి ఉంచొద్దని చెప్పు. ఎడమ పక్క మాగ్నెట్ కవరు విప్పించి, రోటర్‌ని చేత్తో పట్టుకుని పైకీ కిందకీ ఊపు. తెలిసేటంత ఆట ఉందంటే క్రాంకు బేరింగులు పోయినట్టే. క్రాంకు పని మంచి లేత్ షాపులో, మంచి చేతుల్లో జరగాలి. అది మామూలు ఖర్చు కాదు. పొగ చూడు. స్టార్టయిన మొదట్లో నీలంగా వచ్చి, వేడెక్కాక తగ్గితే మామూలే. వేడెక్కినా తెల్లగా దట్టంగా ఆగకుండా వస్తుంటే, గేరుబాక్సు ఆయిల్ తగ్గుతోందా అని అడుగు. క్లచ్ వైపు క్రాంకు సీలు పోతే ఇంజన్ గేరుబాక్సు ఆయిల్‌ని పీల్చుకుని కాలుస్తుంది. మాగ్నెట్ వైపు సీలు పోతే ఇంకా చెడ్డది. పొగ రాదు, కంటికి ఏ గుర్తూ కనిపించదు, గాలి పీల్చుకుని ఇందాక చెప్పినట్టు పట్టేస్తుంది. యాక్సిలరేటర్ వదిలాక కూడా ఆర్‌పీఎం వెంటనే దిగకపోతే దాన్ని అనుమానించు.

ఆయిల్ పంపు ఉందా, తీసేశారా? ఇది తప్పకుండా అడుగు. చాలామంది మెకానిక్కులు పంపు గొడవ ఎందుకని పీకేసి, పెట్రోల్లో కలుపుకోమని పంపించేశారు. ఆ పంపు యాక్సిలరేటర్ ఎంత తిప్పావో, ఇంజన్ ఎంత తిరుగుతోందో చూసుకుని ఆయిల్ ఇస్తుంది. మనం చేత్తో కలిపేదానికి ఆ తెలివి లేదు. దొరికితే మళ్లీ పెట్టించు, గొట్టాల్లో గాలి పూర్తిగా తీయించు. అప్పటిదాకా కలపాల్సి వస్తే లీటరుకి 25 మిల్లీలీటర్లు, కొలిచి పోయి. బంకు దగ్గర చేతివాటంగా పోయొద్దు. ఇంకో పొరపాటు కూడా చేస్తారు. భద్రంగా ఉంటుందని రెట్టింపు ఆయిల్ పోస్తారు. జెట్టు (కార్బొరేటర్‌లో పెట్రోలు పోయే సన్న రంధ్రం) లోంచి పోయే ద్రవం అంతే కదా, అందులో ఆయిల్ పెరిగితే పెట్రోలు తగ్గుతుంది, మిశ్రమం పలచబడుతుంది. ప్లగ్ నల్లబడటం, సైలెన్సర్లో కార్బన్ పేరుకోవడం దానికి తోడు. ప్లగ్ విప్పితే బిస్కెట్ రంగులో ఉండాలి. తెల్లగా ఉంటే బండి తీయొద్దు.

ఇప్పటి పెట్రోల్లో ఇరవై శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఈ బండ్లు పుట్టినప్పుడు ఆ సంగతి లేదు. పాత రబ్బరు గొట్టాలు, ఫ్లోట్ బౌల్ రింగులు ఉబ్బుతాయి. మిశ్రమం కొద్దిగా పలచబడుతుంది, కాబట్టి మెయిన్ జెట్ ఒక సైజు పెంచి ప్లగ్ రంగు చూసుకోవాలి. అన్నిటికంటే చెడ్డది తేమ. ఇథనాల్ తేమ పీలుస్తుంది. టూ-స్ట్రోక్ క్రాంకు ఆయిల్లో మునిగి ఉండదు, దానికి దక్కేది పెట్రోలుతో వచ్చే ఆయిల్ మంచు మాత్రమే. నెల రోజులు ఆపితే బేరింగుల మీద తుప్పు మొదలవ్వొచ్చు. అందుకే రెండు వారాల కంటే ఎక్కువ ఆపేట్టుంటే ట్యాప్ కట్టేసి, బండి నిలబెట్టి బౌల్లో పెట్రోలు అయిపోయేదాకా ఐడిల్‌లో ఉంచి ఆపాలి.

ఒక మాట దాచను. ఈ ఇంజన్లు గాలిని పాడుచేస్తాయి. కిటికీలు రెండూ ఒకేసారి తెరిచి ఉండే ఆ కొద్ది సేపట్లో కొంత పెట్రోలు కాలకుండానే బయటికి పోతుంది, ఆయిల్ ఎలాగూ కాలుతుంది. అందుకే ఆఫీసుకి, ట్రాఫిక్‌లోకి నేను తీయను. వారానికోసారి, ఊరు దాటాక, మంచి ఆయిల్ పోసి, ట్యూనింగ్ సరిగ్గా ఉంచుకుని నడుపుతాను. హైటెక్ సిటీ సిగ్నళ్ల దగ్గర రోజూ దీంతో నిలబడాలనే ఉద్దేశం ఉంటే మానుకో, దానికీ నీకూ మంచిది కాదు. వికారాబాద్ వైపు పొద్దున్నే ఖాళీ రోడ్డు దొరుకుతుంది, అక్కడ తెలుస్తుంది దాని రుచి.

సరే, నీ రెండు బేరాలు. ఇప్పటిదాకా టూ-స్ట్రోక్ ముట్టుకోలేదన్నావు కాబట్టి ఆర్‌ఎక్స్‌తో మొదలుపెట్టు. ఒకే సిలిండర్, ఒకే కార్బొరేటర్. సామాను ఇప్పటికీ దొరుకుతుంది, అయితే నకిలీ పిస్టన్లు ఎక్కువ, కొలిపించాకే వేయించు. సిలిండర్ హెడ్డు, బోరు విప్పడానికి పెద్ద వర్క్‌షాపు అక్కర్లేదు, నువ్వే ఒక మధ్యాహ్నం పూట విప్పి చూడొచ్చు. ఒకసారి నీ చేత్తో పిస్టన్ బయటికి తీశాక ఈ బండ్లతో నీ సంబంధమే మారిపోతుంది. నేను మొదటిసారి విప్పిన బోరు నాకిప్పటికీ కళ్ల ముందు ఉంది. లోపల కిటికీ అంచుల మీద కార్బన్, దాన్ని సన్నని చెక్కముక్కతో గీకుతుంటే మామయ్య పక్కనే కూర్చుని "అంచు గీరకు, రింగు అక్కడే తగులుకుంటుంది" అంటున్నాడు.

ఏడాది ఆర్‌ఎక్స్ నడిపాక, చెవి అలవాటయ్యాక ఆర్‌డీ సంగతి చూడొచ్చు. కానీ ఆ ఖమ్మం బండి ఈలోగా వేరేవాళ్లు తీసుకుపోతారని నీ భయం కదా. 1986 అంటే అది ఎల్‌టీ అయ్యుండాలి. హెచ్‌టీ అని చెప్పి ఎక్కువ అడిగితే ఒప్పుకోకు. సైలెన్సర్లు రెండూ అసలువేనా, ఇన్‌స్ట్రుమెంట్లు, సైడు ప్యానెళ్లు, ఆయిల్ ట్యాంకు ఉన్నాయా చూడు. ఇంజన్ పని చేయించుకోవచ్చు, ఆ వస్తువులు దొరకడమే కష్టం. ధర మాట్లాడేటప్పుడు ఇంజన్ పూర్తిగా విప్పాలన్న లెక్కతోనే మాట్లాడు, రెండు బోర్లు, క్రాంకు, సీళ్లు అన్నీ. "చిన్న పని చేస్తే స్టార్టవుతుంది" అన్న మాటకి రూపాయి కూడా విలువ కట్టకు.

ఒక్క పని మాత్రం వెంటనే చెయ్. ఎనిమిదేళ్లు ఆగిన ఇంజన్లో రింగులు బోరుకి తుప్పుతో అతుక్కుని ఉండొచ్చు, బేరింగుల్లో ఆయిల్ చుక్క ఉండదు. చూడటానికి వచ్చిన ప్రతివాడూ కిక్ రాడ్ మీద కాలేసి తొక్కి చూస్తాడు. ఒక్క గట్టి తొక్కుడుకి బోరు నిలువునా గీసుకుపోతుంది, రింగు విరుగుతుంది. కొన్నా కొనకపోయినా, ఆ బండి ఆయనకి ఈ రాత్రే ఫోన్ చెయ్. రెండు ప్లగ్గులూ విప్పి, ఒక్కో రంధ్రంలో రెండు చెంచాల 2టీ ఆయిల్ పోసి, ప్లగ్గులు మళ్లీ బిగించి వదిలేయమను. ఎవరు వచ్చినా కిక్ కొట్టనివ్వొద్దని చెప్పు.